సరిపడా పొగ

మా దగ్గర పొగ లేదట.

గద్వాల రంగుల పొయ్యిల దగ్గర పొగ లేదని ఏసీ గదిలో కూర్చున్న పెద్దమనుషులు తేల్చేశారు. ఆ మాట విన్న రోజు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పటికీ దిగలేదు. ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తప్ప దిగేలా లేదు.

నా పేరు రోహిణి. మాది గద్వాలలో నేతవాళ్ళ వాడ. మా నాయిన రామస్వామి ఇప్పటికీ మగ్గం మీద కూర్చుంటాడు. నేను వనపర్తిలో ఒక చిన్న సంస్థలో పని చేస్తాను. చిన్నదంటే నిజంగానే చిన్నది. ఆఫీసులో ఫ్యాన్ వేస్తే కాగితాలు ఎగిరిపోతాయి, ఆపితే మేం ఉడికిపోతాం. భూమి వేడెక్కకుండా ఉండాలని, మనలాంటి దేశాల్లో పొగ తగ్గించే పనులకు విదేశీ సంస్థలు గ్రాంట్లు ఇస్తాయని, వాటికి మాలాంటివాళ్ళు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చని తెలిసిన రోజున నాకు మొదట గుర్తొచ్చింది ఖైరున్నిసా చాచీ.

గద్వాల చీర అనగానే అందరూ అంచు గురించీ జరీ గురించీ మాట్లాడతారు. ఆ నూలుకు రంగు ఎక్కడ పడింది, ఎవరు వేశారు అని అడిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. మా వాడ చివర అబ్దుల్ మజీద్ చాచాకు రంగుల షెడ్డు ఉంది. రంగు కలిపేది చాచా. పొయ్యి ముందు కూర్చుని, గంగాళంలో నీళ్ళు మరిగించి, పట్టునూలును కర్రకు తగిలించి ఆ నీళ్ళలో అటూ ఇటూ తిప్పేది ఆయన భార్య ఖైరున్నిసా చాచీ. పొయ్యిలోకి సర్కారు తుమ్మ కట్టెలు. పెద్దమందడి వైపు నుంచి ట్రాక్టర్ మీద వస్తాయి. పచ్చి కట్టె పడిందంటే ఇక చూడక్కర్లేదు, షెడ్డులో మనిషికి మనిషి కనపడడు. మా నాయిన నేసిన ప్రతి చీరకూ నూలు ఆ పొగలోంచే వచ్చింది. నా స్కూలు ఫీజులు కూడా ఆ చీరల్లోంచే వచ్చాయి.

చాచీకి దగ్గు. మామూలు దగ్గు కాదు. ఒక మాట మొదలుపెడితే ఆ మాట పూర్తయ్యేలోగా మధ్యలో దగ్గు వచ్చి కూర్చుంటుంది. దవాఖానలో డాక్టరు పొగకు దూరంగా ఉండమని చెప్పాడు. "పొయ్యికి దూరంగ కూసుంటే నూలుకు రంగెట్ల పడ్తది డాక్టర్ సాబ్?" అని అడిగి, మందు గోలీలు పట్టుకుని తిరిగొచ్చింది. అలాంటి షెడ్లు మా ఊళ్ళో ఇంకా కొన్ని ఉన్నాయి. పక్క సందులో షెడ్డులో బాలమణి పని చేస్తుంది. దానికి చంటిబిడ్డ. బిడ్డను ఒళ్ళో పెట్టుకునే పొయ్యి ముందు కూర్చుంటుంది.

షెడ్ల పైన ఎండకు నీళ్ళు కాగే పలకలు పెడతాం, కింద ఆవిరితో నడిచే గంగాళాలు పెడతాం, కట్టె అక్కర్లేదు, పొగ ఉండదు. ఇదీ నేను రాసింది. ఎన్నిసార్లు రాశానో నాకే తెలియదు. ఒకసారి మహిళల గురించి చాలినంత రాయలేదని తిప్పి పంపారు. ఒకసారి మహిళల గురించి ఎక్కువైందని, కార్బన్ గురించి తక్కువైందని పంపారు. ఇంకోసారి ప్రాజెక్టు స్థలానికి సముద్రం ఎంత దూరమని అడిగారు. గద్వాలకు సముద్రమేమిటి తల్లీ, కృష్ణ దగ్గర్లోనే ఉంది, కావాలంటే అది రాసుకోండి అని చెప్పాలనిపించింది. పళ్ళు కొరుక్కుని మ్యాపు చూసి రాశాను.

చివరికి ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం అంటే డబ్బులివ్వడం కాదు, మనిషిని పంపించి చూడటానికి ఒప్పుకున్నారు. ఇప్పుడు మనం ఎంత కట్టె కాలుస్తున్నామో, ఎంత పొగ వదులుతున్నామో ముందు కొలుస్తారు. దానికి బేస్‌లైన్ అని పేరు. రేపు కొత్త గంగాళాలు వస్తే ఎంత తగ్గుతుందో లెక్కేస్తారు. ఆ తగ్గేదాన్ని బట్టే గ్రాంటు. అంటే ఇప్పుడు పొగ కనపడాలి. కనపడకపోతే తగ్గించడానికి ఏమీ లేనట్టే.

ఇదంతా చాచాకు విడమరిచి చెప్పాను. "ఏం మార్చకు చాచా. రోజు ఎట్ల చేస్తరో గట్లనే చెయ్యిండ్రి. ఆయన చూసి, కొలుచుకొని పోతడు."

"ఫికర్ చెయ్యకు బేటీ," అన్నాడు చాచా. "ఇంటికి మెహమాన్ వస్తుండంటే ఎట్ల చూసుకోవాల్నో మాకు తెల్వదా?"

ఆ మాటకు నేను సంతోషపడ్డాను కూడా.

వచ్చిన మనిషి పేరు మధుసూదన్. హైదరాబాదులో కన్సల్టెంటు. మర్యాదస్తుడే, అది ముందే చెప్పాలి. ఎర్రవల్లి చౌరస్తాలో ఆయన కారు ఎక్కి ఊళ్ళోకి దారి చూపించాను. దారిలో ముందురోజు చూసొచ్చిన చోటు గురించి చెప్పాడు.

"నాగర్‌కర్నూల్ దగ్గర ఒక రైస్ మిల్లు మేడం. ఆ చిమ్నీ చూడాలి మీరు. కారు కూడా నల్లబడింది. అద్భుతమైన బేస్‌లైన్."

అద్భుతమట! ఊరంతటికీ మసి పూసిన మిల్లుకు ఆయన ముఖం వెలిగిపోతోంది. సరే, మా షెడ్డు చూస్తే ఇంకా సంతోషపడతాడులే అనుకున్నాను.

షెడ్డు ముందు కారు దిగి చూద్దును కదా, అది మజీద్ చాచా షెడ్డు కాదు, పెళ్ళివారి విడిది. గోడలకు తెల్లగా సున్నం. ఏళ్ళనాటి మసి గీకి పారేశారు. గంగాళాలను చింతపండు పెట్టి తోమారు, ముఖం కనిపిస్తోంది. కట్టెల పొయ్యిని ఎర్రమట్టితో అలికి, దాని మీద మా వాడ ఆడవాళ్ళు ముగ్గు కూడా వేశారు. పొయ్యి మీద ముగ్గు! కట్టెల కుప్ప మాయం. గంగాళం కింద వంటవాళ్ళు పెళ్ళిళ్ళలో వాడే పెద్ద గ్యాస్ బర్నర్ నీలంగా మండుతోంది. మూలన అగరొత్తులు. పొగ ఉందంటే ఆ అగరొత్తులదే.

తలుపు దగ్గర చాచా కొత్త లాల్చీలో నిలబడి ఉన్నాడు. పక్కన మా నాయిన, చేతులకు ఇంకా సున్నం మరకలతో. అంటే ఈ కుట్రలో ఆయన కూడా ఉన్నాడు.

"ఏంది చాచా ఇది?" అన్నాను పళ్ళ మధ్య నుంచి.

"ఎట్లుంది బేటీ?" ఆయన ముఖం చూస్తే తిట్టడానికి కూడా మనసు రాదు. "బిర్యానీ వండే బాలకృష్ణ దగ్గర బర్నర్ తెచ్చినం. సార్ కండ్లల్ల నీళ్ళు రావద్దని. గంత దూరం నుంచి వస్తుండు, మనింట్ల పొగ మింగి పోవాల్నా?"

"పొగ చూడనీకే వచ్చిండు చాచా! పొగ చూపియ్యాల్నని చెప్పిన గద!"

"చెప్పినవ్. చెప్తం గద. ఇక్కడ పొగుంటదని నోటితోని చెప్తం. మెహమాన్‌కు మాట చెప్తే సాల్దా? ముఖం మీద ఊదాల్నా?"

మధుసూదన్ సంచిలోంచి తెల్లటి చిన్న యంత్రం తీసి నూలు ఆరేసే దండెం మీద పెట్టాడు. కాసేపు చూశాడు. యంత్రాన్ని తట్టి మళ్ళీ చూశాడు. మా ఆఫీసులో కంటే ఇక్కడే గాలి బాగుంది మేడం అన్నాడు. వెక్కిరింపుగా అన్నా బాగుండేది, మనస్ఫూర్తిగా అన్నాడు.

ఇదంతా అరువు తెచ్చిన బర్నర్ అని, రోజూ కాలేది కట్టెలేనని చెప్పాను. వెనక దాచిన కట్టెల కుప్ప చూపిస్తానన్నాను.

"మీ మాట నమ్ముతాను మేడం. కానీ నేను చూసిందే రాయాలి. కట్టెలు ఎవరి పెరట్లోనైనా ఉంటాయి."

అయితే ఇప్పుడే పొయ్యి వెలిగిద్దాం అన్నాను. చాచా ససేమిరా అన్నాడు. మా నాయిన నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, "ఇజ్జత్ తియ్యకు బిడ్డా, గాయన భోజనం చెయ్యలె ఇంకా," అన్నాడు. నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ మంచివాళ్ళే. ఒక్క చెడ్డవాడున్నా వాడి మీద పడి అరిచేదాన్ని.

ఇక మిగిలింది చాచీ దగ్గు. కనీసం అదైనా వినిపిస్తే ఆయన రాసుకుంటాడనుకున్నాను. చాచీని పిలిచి ముందుకు కూర్చోబెట్టాను. మధుసూదన్ ఆమెను అడిగాడు. "ఆరోగ్యం ఎలా ఉంటుందమ్మా? దగ్గూ అదీ ఏమైనా వస్తుందా?"

చాచీ ముఖం ఎర్రబడింది. గొంతు కింద ఏదో కదులుతోంది. దుపట్టా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా దగ్గును లోపలికే మింగేసింది. మింగి, నవ్వి, "ఏం లేదు సార్. అంత మంచిగనే ఉన్నం. అన్నం తిందురు రాండ్రి," అంది.

దగ్గు చాచీ, ఒక్కసారి దగ్గు అని నేను లోపల్లోపల మొత్తుకుంటూనే ఉన్నాను. భోజనం ముందు కూర్చున్న మనిషి ఎదురుగా దగ్గడం ఆమెకు చేతకాలేదు. ఆ పూట నాకు ఆమె మీద వచ్చినంత కోపం ఇంతకుముందెప్పుడూ రాలేదు. మధుసూదన్ బిర్యానీ తిన్నాడు, సొరకాయ ఖీరు రెండోసారి వేయించుకున్నాడు, అందరికీ దండం పెట్టి వెళ్ళిపోయాడు. కారు మలుపు తిరిగాక చాచీ గోడ పట్టుకుని కూలబడి దగ్గింది. వాడ అంతా వినిపించింది.

తరువాత వీడియో కాల్. తెర మీద ఒకవైపు మధుసూదన్, ఇంకోవైపు ఆ ఫండ్ ఆఫీసు ఆవిడ. ఆవిడ ముందుగా నన్ను అభినందించింది. మీ సముదాయం ఇప్పటికే స్వచ్ఛమైన ఇంధనానికి మారిపోవడం ఎంతో స్ఫూర్తినిచ్చిందని చెప్పింది. కాబట్టి మీ దగ్గర తగ్గించడానికి పొగ లేదు, కాబట్టి గ్రాంటు లేదు. నాగర్‌కర్నూల్ రైస్ మిల్లుకు వచ్చేసిందట. నిన్నటిదాకా ఎంత ఎక్కువ తగలబెడితే ఈరోజు అంత గొప్పవాడన్నమాట.

నేను ఊరుకోలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. సున్నం సంగతి, బర్నర్ సంగతి, ముగ్గు సంగతి. ఆవిడ నవ్వింది, పాపం చాలా ఆప్యాయంగానే నవ్వింది. చివరికి మధుసూదన్ కాస్త పట్టుబట్టడంతో ఇంకో అవకాశం ఇచ్చారు. ఒక యంత్రాన్ని షెడ్డు గోడకు బిగిస్తారు. అది ఈ చలికాలమంతా అక్కడే ఉండి పొగను కొలుస్తుంది. ఆ లెక్కనే ఊళ్ళో షెడ్లన్నిటికీ వర్తింపజేస్తారు.

"ఒక్కటే గుర్తుంచుకోండి మేడం," అన్నాడు మధుసూదన్. "మామూలుగా ఎంత కాలుస్తారో అంతే కాల్చాలి. గ్యాస్ వాడకూడదు. మధ్యలో పొయ్యి ఆగితే లెక్క చెల్లదు."

ఫండ్ ఆఫీసు ఆవిడ ఇంకోటి చేర్చింది. వాళ్ళకు మనుషుల భద్రతే ముఖ్యమట. కొలిచే కాలంలో ఎవరి ఆరోగ్యమైనా దెబ్బతిన్నట్టు తెలిస్తే వెంటనే కొలత ఆపేసి, ఆ చోటును జాబితాలోంచి తీసేస్తారట. అది వాళ్ళ నియమమట. పొగతో ఆరోగ్యం పాడవుతోంది మొర్రో అని దరఖాస్తు పెడితే, ఆరోగ్యం పాడైతే తీసేస్తామంటారు. కాల్ అయిపోయాక గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది, కానీ మా ఆఫీసు గోడ ఆ దెబ్బకు ఆగదు.

ఈ మాట చెప్పడానికి షెడ్డుకు వెళ్ళాను. అక్కడ ఇంకో సంగతి జరిగింది. పెళ్ళిళ్ళు లేని రోజులు కావడంతో బాలకృష్ణ తన బర్నర్ కోసం రాలేదు. చాచా కిందామీదా పడి సిలిండర్లు తెస్తున్నాడు, చాచీ గ్యాస్ మీదే నీళ్ళు కాస్తోంది. నన్ను చూడగానే చాచీ మాట్లాడటం మొదలుపెట్టింది. బాలమణి బిడ్డకు పళ్ళు వస్తున్నాయని, మా నాయినకు ముదురు ఎరుపు కావాలట, ఎంత ముదురో చెప్పకుండా పోయాడని, ఆగకుండా చెబుతూనే ఉంది. ఏదో తేడాగా ఉందే అనుకున్నాను. కాసేపటికి అర్థమైంది. ఆమె మాటలు మధ్యలో తెగట్లేదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, చాచీ ఇంత పొడుగు మాట మాట్లాడగా నేను వినలేదు.

అలాంటి మనిషి ముందు కూర్చుని నేను ఏం చెప్పాలి? బర్నర్ తిరిగిచ్చేసి మళ్ళీ కట్టెలు పెట్టమని చెప్పాలి. చెప్పాను. సిగ్గుతో తల దించుకునే చెప్పాను.

చాచా లేచి నిలబడ్డాడు. "పొగ పోవాల్నంటే ముందుగాల పొగ పెట్టాల్నా? ఇదేం లెక్క బేటీ? ఏ దేశం లెక్క?"

"నాకు తెల్వదు చాచా."

"ఈమెను చూడు జర. రాత్రి పండుకుంటుంది. నేను సుత పండుకుంటున్న. నువ్వే గద పొగ మంచిది కాదని చెప్పినవ్?"

"నేనే చెప్పిన."

"మరి?"

గ్యాస్ ఎన్నాళ్ళని తెస్తాడో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. నాలుగు పెళ్ళిళ్ళు కుదిరితే బర్నర్ ఎలాగూ పోతుంది. ఇంకా పరేషాన్ చేయడం ఇష్టంలేక నేను లేచాను. చాచీ నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టింది.

"మిషన్ ఈడ పెడితే, బాలమణి కాడ సుత పొగ పోతదా?"

"పోతది చాచీ. అన్ని షెడ్లల్ల పోతది."

"ఆ పోరి ఒళ్ళె పిల్లను పెట్టుకొని కూసుంటుంది." చాచీ భర్త వైపు చూసింది. "బర్నర్ ఇచ్చిరాండ్రి. నాకైతే అయ్యేదంత అయిపోయింది. చలికాలం ఎంత సేపు? గిట్ల వస్తది, గట్ల పోతది."

చాచా గ్యాస్ ఆపాడు. బర్నర్‌ను సైకిల్ వెనక కట్టుకుని వెళ్ళి ఇచ్చొచ్చాడు.

మధుసూదన్ మనిషిని పంపించి యంత్రాన్ని గోడకు బిగించాడు. పచ్చలైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది. పొయ్యి మీది ముగ్గు మొదటి పూటకే కాలిపోయింది. కొత్త సున్నం చూస్తుండగానే పసుపుపచ్చగా, తరువాత గోధుమరంగులోకి మారింది. నేను వెళ్ళినప్పుడల్లా చాచీ పొయ్యి ముందే ఉండేది. కళ్ళు చిట్లించి, గోడ మీది యంత్రాన్ని చూపించి అడిగేది.

"పొగ సరిపోతదా బిడ్డా? ఇంకో కట్టె ఎయ్యాల్నా?"

అడుగుతూ దగ్గేది. ఆ ప్రశ్న పూర్తి చేయడానికి ఆమెకు రానురాను ఎక్కువ సేపు పట్టసాగింది.

సంక్రాంతి రాకముందే ఆమె పడిపోయింది. కర్ర చేతిలో ఉండగానే ఆమె గంగాళం వైపు ఒరిగిపోయింది. చాచా చూడబట్టి సరిపోయింది, లేకపోతే ఆ మరుగుతున్న నీళ్ళలో... అది తలుచుకోలేను. దవాఖానలో ఆక్సిజన్ పెట్టారు. ఈసారి డాక్టరు ఆమెతో మాట్లాడలేదు, చాచాను బయటికి పిలిచి మాట్లాడాడు. ఇంకోసారి ఆ షెడ్డులో కూర్చోబెడితే మళ్ళీ నా దగ్గరికి తేవొద్దు, తెచ్చినా లాభం ఉండదు అన్నాడు.

నేను మధుసూదన్‌కు ఫోన్ చేద్దామని నంబరు తీశాను. చేస్తే ఏమవుతుంది? అయ్యో మేడం అంటాడు. నిజంగానే బాధపడతాడు. బాధపడి, నియమం ప్రకారం మమ్మల్ని జాబితాలోంచి తీసేస్తాడు. ఆమె ఇన్నాళ్ళు మింగిన పొగ అంతా ఊరికే పోతుంది. బాలమణి అక్కడే ఉంటుంది, దాని బిడ్డా అక్కడే ఉంటుంది. ఫోన్ లోపల పెట్టేశాను.

కానీ పొయ్యి ఆగకూడదు. చాచా రంగు కలపాలి, దవాఖానకు అన్నం తీసుకెళ్ళాలి. కూలికి ఎవరినైనా పిలుద్దామంటే, చాచీని అలా మోసుకెళ్ళడం చూసినవాళ్ళెవరూ రాలేదు. రాకపోవడమే మంచిది. నేను ఆఫీసుకు సెలవు పెట్టాను.

ఇప్పుడు పొయ్యి ముందు నేను కూర్చుంటున్నాను. ఈ పొగను తీసేయాలని దరఖాస్తులు రాసి రాసి వేళ్ళు అరగదీసుకున్న రోహిణి, ఆ పొగ తగ్గకుండా కట్టెలు ఎగదోస్తోంది. మొదటి రోజు చూడటానికి వచ్చిన మా నాయిన గడపలోనే ఆగిపోయాడు. తాను సున్నం వేసిన గోడలను చూశాడు, నన్ను చూశాడు. లోపలికొచ్చి, గంగాళంలో కర్ర ఎలా తిప్పాలో చూపించి వెళ్ళాడు. కళ్ళు మండితే నీళ్ళతో కడుక్కోవచ్చు. గొంతులో పట్టుకున్నదే పోవడం లేదు. మెతుకు అడ్డం పడ్డట్టు రోజంతా అక్కడే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం మధుసూదన్ ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం.

"రీడింగులు చాలా బాగున్నాయి మేడం! మధ్యలో ఒక పూట తగ్గింది గానీ, తరువాత బాగా అందుకుంది. ఇలాగే ఉంటే మీది ఖాయం అనుకోవచ్చు."

"థాంక్యూ సార్."

"ఒకటి అడగాలి. రికార్డు కోసమే. అక్కడ పని చేసేవాళ్ళందరూ ఆరోగ్యంగా ఉన్నారు కదా? దగ్గూ అదీ ఎవరికీ లేదు కదా?"

సరిగ్గా అప్పుడే నా ఛాతీలోంచి దగ్గు తన్నుకుంటూ పైకి వచ్చింది. చున్నీ కొంగు గట్టిగా నోటికి అదుముకున్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఫోన్‌లో ఆయన ఓపిగ్గా ఆగాడు. మింగాను.

"ఏం లేదు సార్. అంత మంచిగనే ఉన్నం."

ఆయన ఇంకేదో మంచి మాట చెప్పి పెట్టేశాడు. అప్పుడు దగ్గాను. దగ్గి దగ్గి, నెమ్మదించాక, గోడ మీది పచ్చలైటు వైపు చూసి ఇంకో కట్టె వేశాను.